అమ్మ చేతి ఊరగాయ

కాలీఫ్లవర్, క్యారెట్, బీన్స్ ముక్కలు హాల్లో తెల్లగుడ్డ మీద ఆరుతున్నాయి. ఒక్క తడి చుక్క మిగిలినా సీసా మొత్తం బూజు పడుతుంది కాబట్టి ఆమె ఒక్కో ముక్కనీ తిరగేసి తుడుస్తోంది. భర్త ఫోన్ చూస్తూ గుడ్డని దాటుకుని వెళ్లాడు. ఊరగాయలో ఆయన వాటా అదే, తొక్కకపోవడం.

"విన్నావా, ఒక దేశంలో ఇవే ముక్కలు వెనిగర్‌లో వేస్తారట. ఇంకోచోట ఆవపిండి ముద్దలో. మరోచోట ఒట్టి ఉప్పునీళ్లేనట! ప్రపంచమంతా ఇదే ఊరగాయ!"

ప్రపంచమంతా ఎవరు తరుగుతున్నారో ఫోన్‌లో ఉందో లేదో ఆయన చెప్పలేదు.

ఏటా పన్నెండు సీసాలు. ఆఫీసులో పంచడానికి ఆయన లేబుళ్లు అచ్చు వేయిస్తాడు, 'అమ్మ చేతి ఊరగాయ' అని. ఆ అమ్మ, అంటే ఆమె అత్తగారు, తొమ్మిదేళ్లుగా కత్తి పట్టలేదు. రుచి చూసి "ఉప్పు తగ్గింది" అనడం మాత్రం ఆవిడ వంతు. పోయినేడు నోట్లో పెట్టుకోకముందే అనేశారు.

"ఆదివారం క్లబ్బులో అమ్మ అందరి ముందూ చేసి చూపించాలి. మా మేనేజర్ అడిగాడు," అన్నాడు భర్త. "నువ్వు వెనకాల నిలబడి అన్నీ అందించు. కొలతలు మెల్లిగా చెవిలో చెప్పు. పరువు సంగతి."

ఆమె చేతిలో క్యారెట్ ముక్క అలాగే ఉండిపోయింది. వంటింట్లో వెనకాల నిలబడింది చాలలేదు కాబోలు, ఇక స్టేజీ మీద కూడా.

ఆయన స్నానానికి వెళ్లగానే అత్తగారు వచ్చి పక్కన చతికిలబడ్డారు. "ఏమే, ఉప్పెంత?"

"మీకు తెలీందేముంది అత్తయ్యా? తగ్గిందని ఏటా చెప్పేది మీరేగా."

అత్తగారు గుడ్డ అంచు సర్దారు. "మా అత్తగారూ అలాగే అనేది. ఇరవై ఏళ్లు పెట్టాను. ఊళ్లో అందరూ ఆవిడ చేతి ఊరగాయనే మెచ్చుకున్నారు."

ఆమె ఆ ముక్క తుడిచి పక్కన పెట్టింది. "ఆదివారం నేను వెనకాల నిలబడను అత్తయ్యా. ముందు వరసలో కూర్చుంటాను."

"మరి స్టేజీ మీద?"

"ప్రపంచంలో ఊరగాయలన్నీ తెలిసినాయన స్నానం చేస్తున్నారు కదా."

అత్తగారు బాత్రూం తలుపు వైపు చూశారు. తర్వాత, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఉప్పు ఊసెత్తకుండా అన్నారు:

"నాకూ పక్క కుర్చీ పట్టు."