వాసన రాని నోరు

ఆఫీసు నుంచి రాగానే మా బాబు నోరు వాసన చూశాను. కుళ్లిన గుడ్ల కంపు లేదు. గుండె గుభేలుమంది. కిడ్నీలు తినేసే ఆ జబ్బు వాడికి సగం నా వైపు నుంచీ, సగం మా అత్తగారి వైపు నుంచీ వచ్చింది. దానికున్న ఒక్క మందూ వేసుకుంటే నోరు కంపు కొట్టి తీరుతుంది.

“మందు వెయ్యలేదా అత్తయ్యా?”

“చుట్టాలొస్తున్నారుగా. వాళ్లొచ్చినప్పుడల్లా ఆపుతూనే ఉన్నా, ఏ కొంప మునిగింది?” అంటూ ఆవిడ సోఫా మీద సెంటు కొట్టింది.

వాడి రిపోర్టులు ఎందుకు దిగజారుతున్నాయో అప్పుడర్థమైంది. వెంటనే మందు వేశాను. చుట్టాలొచ్చి కూర్చునేసరికి వాడి నోరు గుప్పుమంది. వాణ్ణి ఎత్తుకెళ్లి అందరి ముందూ ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టాను.

“నానమ్మకి ముద్దు పెట్టు నాన్నా. ఆ కంపులో సగం ఆవిడదే.”