సందులో కూరిన పొట్టు

మార్కండేయ సారుకు పాఠం చెప్పడం కొట్టిన పిండి. బోర్డు మీద ఆయన రెండు కర్రలు కలిపే అతుకు బొమ్మ గీస్తే కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది. ఉలి చేతికిస్తే మాత్రం అసలు సంగతి బయటపడుతుంది. కళ్యాణదుర్గం ఐటీఐలో వడ్రంగం నేర్పే ఈ పెద్దమనిషి, పనిముట్లను దూరం నుంచే పలకరించి, రాతపరీక్ష మార్కులతో ఉద్యోగం కొట్టినవాడు.

పిల్లలు చేసిన అతుకు వదులైతే మళ్ళీ కోయించాలి. ఎట్లా కోయాలో చూపించమంటే గతేమిటి? అందుకే రంపపు పొట్టును బంకలో కలిపి సందులో కూరి, పైన గరుకు కాగితంతో రుద్దడం నేర్పాడు. క్లాసులో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల అనీసా అందరికంటే నున్నగా కూరేది. ఆమె చేసిన స్టూలుకు అందరికంటే ఎక్కువ మార్కులు వేశాడు.

ఆ స్టూలే విరిగింది. దాన్ని ఎక్కి అటక మీది వేరుశనగ మూట దించబోయిన అనీసా తల్లి రంజాన్ బీ కిందపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ రోజు నుంచి అనీసా ఐటీఐకి రావడం మానేసింది.

కబురు తెలిసి సారు వాళ్ళింటికి వెళ్ళాడు. రంజాన్ బీ మంచం మీద మూలుగుతూనే కుర్చీ వేయించింది.

"దాని చేతిలో పనితనం లేదంట సార్. ఇంగ రానంటాండాది. ఎంత ఆశ పెట్టుకున్యాదో! మీరన్నా చెప్పండి."

మూలన విరిగిన స్టూలు పడి ఉంది. కాలు ఊడిన చోట పొట్టు రాలిపోయి వేలు దూరేంత సందు కనిపిస్తోంది. సారుకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. కర్రకు పుచ్చు పట్టిందంటే సరిపోతుంది, ఎవరూ అడగరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో నీళ్ళ చెంబుతో వచ్చిన అనీసా, ఆయన మొహం చూడలేక తల దించుకుంది. తన పాపానికి ఈ పిల్ల తల దించుకోవడమేమిటి?

"తప్పు నీది కాదు తల్లీ. బిగువుగా కోసేది నాకే రాదు. రాదని చెప్పుకోలేక పొట్టు కూరమన్యా."

కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడినా బాగుండేది. అనీసా మొహం పాలిపోయింది.

"సార్, మన క్లాసు తౌఫిక్ వాళ్ళక్క బిడ్డకు కొయ్య ఉయ్యాల చేసినాడు. అదీ అట్లనే కూరినాడు. బిడ్డను దాంట్లోనే పండబెడ్తాండారు."

సారు ఫోన్ తీశాడు. తౌఫిక్ నంబరు వెతికి కలిపాడు.

"తౌఫిక్, ఉయ్యాల్లో నుంచి బిడ్డను తియ్యప్పా."

"ఎందుకు సార్? మీరే భేషుగ్గా ఉండాదంటిరి గదా!"

"అన్యాను. నాకు తెలీక అన్యాను. ముందు బిడ్డను ఎత్తుకో."