ఇస్త్రీ అక్కర్లేని బట్ట

చొక్కా కాలరు మీద కాసిని నీళ్లు చిలకరించి నెరిడా ఇస్త్రీ పెట్టె ఆనించింది. ముందు కాలరు లోపలివైపు, తర్వాత పైవైపు, ఆపైన భుజాలు, చేతులు, చివరికి వీపు. అమ్మ నేర్పిన వరస అది. అమ్మ పోయి వారమవుతోంది, చేతులకి మాత్రం ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

"చేతుల మీద మడత గీత నిలబడాలి నెరీ," అన్నాడు భర్త క్లైవ్, వంటింటి గుమ్మానికి ఆనుకుని టీ ఊదుకుంటూ. "మంగళవారం వంతెన ప్రారంభానికి మంత్రి వస్తున్నాడట. టీవీ వాళ్లు కూడా ఉంటారు. దుప్పటి కింద నుంచి కనిపించేది చేతులే కదా."

దుప్పటి అంటే పోసమ్ అనే చెట్టెక్కే బొచ్చు జంతువు తోళ్లతో కుట్టిన దుప్పటి. పూర్వం నది ఒడ్డున తమవాళ్లంతా కప్పుకున్నలాంటిది. ఇప్పుడు ఊళ్లో ఏ సభ జరిగినా, ఈ నేల ఆదివాసీల తరఫున అందరినీ ఆహ్వానించడానికి క్లైవ్ భుజాల మీద వేసుకుని నిలబడేది. రేపు అమ్మని మట్టిలో పెట్టాలి. మంగళవారం గురించి మాట్లాడుతున్నాడు ఈయన.

"క్లైవ్, ఒక మాట అడగాలి. అమ్మని ఆ దుప్పటిలో చుట్టి పంపిద్దామనుకుంటున్నా."

అతను కప్పు దించాడు. కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. జాలిగా చూశాడు. జ్వరంలో ఏదో అడిగిన పిల్లని చూసినట్టు.

"నీ బాధ నాకు తెలీదా? కానీ అది ఇప్పుడు మన ఒక్కళ్లది కాదే. మన జనం మొత్తానిది. వంతెన పని అయ్యాక లైబ్రరీలో అద్దాల బీరువాలో పెడతామన్నారు. నేను మాట ఇచ్చేశాను."

"ఎప్పుడిచ్చావు?"

"కిందటి నెల. నీకు చెప్పలా? చెప్పాననుకున్నానే." మెత్తగా, "ఇంకోటి కుట్టుకోవచ్చులే. నీ చేతిలో పనేగా," అన్నాడు.

నీ చేతిలో పనేగా. నెరిడా ఇస్త్రీ పెట్టె మళ్లీ నడిపింది. నాలుగు శీతాకాలాలు పట్టిన పని అది. వృద్ధాశ్రమం లాండ్రీలో పగలంతా ముసలివాళ్ల పక్కదుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, మడతలు పెట్టి వచ్చి, వంట ముగించి, ఈ బల్ల మీదే కూర్చుని కుట్టింది. ఇక్కడి పోసమ్‌లని ముట్టుకోకూడదని చట్టం. అందుకని తోళ్లు సముద్రం దాటి న్యూజిలాండ్ నుంచి తెప్పించుకోవాలి. మన జంతువు తోలు మనం పరాయి దేశంలో కొనుక్కోవడం! కంగారూ తోక నరాలు చీల్చి, తడిపి, దారంలా పేనేది. తోలుకి బెజ్జం వేసి ఒక్కో కుట్టు లాగేది. ఎర్రగా కాల్చిన తీగ మొనతో తోలు మీద నది వంపులు గీసేటప్పుడు వేళ్లన్నీ బొబ్బలెక్కాయి. అప్పట్లో క్లైవ్ ముక్కు మూసుకుని వసారాలోకి పోయేవాడు. "ఇల్లంతా కమురు కంపు నెరీ. ఇది ఎప్పటికి తెముల్తుంది?" అనేవాడు. తెమిలిన రోజున, పొడుగు సరిపోయిందో లేదో చూద్దామని ఆమే అతని భుజాల మీద వేసింది. అతని నడుం నిటారుగా అయిపోయింది. ఫ్యాక్టరీలో పాతికేళ్లు పళ్ల బుట్టలు మోసి వంగిన వీపు అది. అద్దంలో చూసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తియ్యమనడానికి ఆమెకి నోరు రాలేదు. అలా ఎక్కిన దుప్పటి ఇంక ఆ భుజాల మీంచి దిగలేదు. పేపర్లో ఫొటో వేసి 'క్లైవ్ గారి దుప్పటి' అని రాశారు. లాండ్రీలో సూపర్‌వైజరమ్మ ఆ పేపరు పట్టుకొచ్చి, "మీ ఆయనకి ఎంత ఓపికమ్మా! అంతా చేత్తోనే కుట్టాడా?" అంది. నెరిడా అప్పుడు ఒక పెద్ద పక్కదుప్పటి మడత పెడుతోంది. రెండో కొస పట్టుకోమని ఆవిడకే అందించింది, అంతే.

ఎవరు కుట్టారన్న దాని గురించి ఆమెకి బాధ లేదు. ఎవరి కోసం కుట్టిందో ఎవరూ అడగలేదు, అదీ బాధ.

పూర్వం బిడ్డ పుడితే రెండు తోళ్ల చిన్న దుప్పటి కుట్టేవారట. బిడ్డ ఎదిగే కొద్దీ ఒక్కో ముక్క కలుపుకుంటూ పోయేవారట. మనిషి పోతే దాన్నే చుట్టి పూడ్చేవారట. అమ్మమ్మకి తెలుసు ఇదంతా. తను కళ్లారా చూసినదాన్లా చెప్పేది గానీ, ఆవిడ నాటికే తోళ్లు పోయి సర్కారు దుప్పట్లు వచ్చాయి. ఏటా రాణి పుట్టినరోజుకి వరసలో నిలబెట్టి మనిషికొకటి ఇచ్చేవారు. తోలైతే వాన జారిపోతుంది. ఈ ఉన్ని తడిస్తే ఆరదు. తడి దుప్పట్లో పడుకుని, దగ్గి దగ్గి, ఊళ్లకి ఊళ్లే పోయాయని అమ్మమ్మ అనేది. ఇక అమ్మ ఐవీకి ఆ దుప్పటి కూడా దక్కలేదు. పిల్లల్ని ఉంచిన పాదిరీల మిషన్‌లో, అజమాయిషీ చేసే మేట్రన్ ఇచ్చిన బూడిదరంగు గౌను. అది చిరిగితే పిండి సంచి కత్తిరించి కుట్టిన గౌను, వీపు మీద మిల్లు పేరు ఉతికినా పోయేది కాదు. పన్నెండో ఏట తెల్ల ఆప్రాన్ కట్టి పశువుల కామందు ఇంట్లో పనికి పెట్టారు. అక్కడ ఐవీ నేర్చుకున్నది ఇస్త్రీ.

అమ్మ ఇస్త్రీని నెరిడా చిన్నప్పుడు చాదస్తం అనుకునేది. చెడ్డీలు కూడా ఇస్త్రీ చేసేది. తలగడ గలీబులు, పాత్రలు తుడిచే గుడ్డలు, అన్నీ. రేకుల కొంపలో, నీళ్లు నదిలోంచి మోసుకొచ్చి, బొగ్గుల పెట్టెతో. సర్కారు వెల్ఫేర్ వాళ్ల కారు దుమ్ము మలుపు దగ్గర లేస్తే చాలు, పిల్లలందరినీ వరసలో నిలబెట్టి కాలర్లు సర్దేది. ఆ వచ్చినాయన అల్మారా తీసి, బట్టలు ఎత్తి, కింద మడతలు చూసేవాడు. ముడత ఉంటే, మరక ఉంటే, పిల్లల్ని సరిగా చూసుకోవడం లేదని రాసుకుపోతాడు. తర్వాత ఇంకో కారు వస్తుంది. పక్కింటి పిల్లలు ఇద్దరు ఆ కార్లో వెళ్లి మళ్లీ రాలేదు. ఐవీ పిల్లలు నలుగురూ ఆవిడ దగ్గరే పెరిగారు. ఆ నలుగుర్నీ ఆవిడ ఇస్త్రీ పెట్టెతోనే కాపాడుకుంది. ఇది అర్థమయ్యేసరికి నెరిడాకి నలభై దాటాయి.

అందుకే నెరిడా తోళ్లు కుడుతుంటే ఐవీ ఆ గదిలోకే వచ్చేది కాదు. "జంతువు చర్మం ఇంట్లోనా? ఎవరన్నా చూస్తే?" అనేది. ఎవరు చూస్తారమ్మా అంటే కిటికీ వైపు చూసేది.

పోయే ముందురోజు సాయంత్రం ఆసుపత్రిలో మాత్రం వణికిపోతోంది. ఆసుపత్రి తెల్లదుప్పట్లు ఎన్ని కప్పినా ఆగలేదు. నెరిడా ఇంటికి పరిగెత్తి ఆ తోలు దుప్పటి తెచ్చి, బొచ్చు లోపలికి వచ్చేలా కప్పింది. వద్దంటుందేమోనని చెయ్యి తియ్యకుండా అలాగే ఉంది. ఐవీ గడ్డం దాకా లాక్కుంది. వేలితో గీతలు తడిమింది.

"ఇదెక్కడ?"

"నువ్వు పుట్టిన వంపమ్మా. పెద్ద నీలగిరి చెట్టు దగ్గర నది తిరుగుతుందే, అది."

ఐవీ చాలాసేపు ఆ వంపు మీదే వేలు ఉంచింది. తర్వాత అడిగింది, భయం భయంగా, చిన్నపిల్ల మేట్రన్‌ని అడిగినట్టు. "దీన్ని ఇస్త్రీ చెయ్యక్కర్లేదు కదూ?"

"అక్కర్లేదమ్మా."

"హమ్మయ్య," అని కళ్లు మూసుకుంది.

రాత్రి భోజనాల వేళకి క్లైవ్ వచ్చాడు. పొద్దున్నే స్కూల్లో పిల్లల సభకి దుప్పటి కావాలి. "నిద్రపోతోందిగా, ఒంట్లో వేడి వచ్చింది, చూడు," అని దుప్పటి నెమ్మదిగా తీసి, ఆసుపత్రి దుప్పటి కప్పి, పాదాల కిందా, చుట్టూ దోపాడు. ఎంత ప్రేమగా దోపాడో! తెల్లారకముందే అమ్మ పోయింది, ఎవరో పంచి ఇచ్చిన దుప్పటి కిందే.

"అమ్మాయ్, ఆ వెన్న ఇలా తే," అని కేకేసింది అత్తగారు డల్సీ, బల్ల దగ్గర నుంచి. రేపు సమాధి దగ్గర నుంచి వచ్చేవాళ్లకి శాండ్‌విచ్‌లు చెయ్యాలి. ఊరూరి నుంచీ వచ్చిన చుట్టాలు ముందు గదిలో పరుపులు పరుచుకుని ఉన్నారు. "విన్నాలే మీ మాటలు. ఐవీకి బొచ్చంటేనే పడదు. చర్చి గౌను వేస్తే మహారాణిలా పోతుంది. నా కోడలికి ఊహలెక్కువ."

"అత్తా, నీకు వేసేటప్పుడు ఏది వెయ్యాలో చెప్పు, అదే వేస్తాను."

"నాకా? నాకు ఫుట్‌బాల్ జెర్సీ వెయ్యండి. మన వాళ్లు గెలిచిన ఏడాదిది." పరుపుల మీంచి ఎవరో నవ్వారు. డల్సీ నవ్వలేదు. రొట్టె అంచులు కోస్తూ, "మీ అమ్మకి గౌను తొడగడానికి నేనూ తోడొస్తా సాయంత్రం. ఒక్కదానివీ తొడగలేవు," అంది.

సాయంత్రం నీలం చర్చి గౌను నెరిడా ఇస్త్రీ చేసి, హ్యాంగరుకి తగిలించి, అమ్మని ఉంచిన శవాగారానికి తీసుకెళ్లింది. ఇంకో చేతిలో పెద్ద సంచి. డల్సీ ఆ సంచి వైపు చూసింది. కారు దిగి లోపలికి వెళ్లి ఇద్దరూ అమ్మకి గౌను తొడిగారు. గౌను గుండీలు పెట్టి, కాలరు సర్ది, నెరిడా సంచి విప్పింది. చిన్న గదంతా తోలు వాసన, పొగ వాసన. దుప్పటి విప్పి గౌను మీద కప్పబోయింది.

"ఆగు," అంది డల్సీ.

నెరిడా ఆగింది. ఇప్పుడు అంటుంది, నా కొడుకు పరువు అంటుంది, ఇచ్చిన మాట అంటుంది. ముప్పై ఏళ్లుగా ఈవిడ ఎదుట ఒక్క మాట పూర్తిగా గెలిచింది లేదు.

డల్సీ వంగి, కీళ్లనొప్పుల వేళ్లతో, ఐవీ గౌను గుండీ ఒకటి విప్పింది. తర్వాత ఇంకోటి.

"ఏంటత్తా?"

"ఈ గౌను తీసెయ్యి పిల్లా. దాని మీద కప్పితే ఏం వెచ్చదనం? బొచ్చు ఒంటికి తగలాలి." గుండీల మీద చూపు తిప్పకుండానే అంది, "మా అమ్మని పిండి సంచి గౌనులో పంపాం. వీపు మీద మిల్లు పేరుతో. ఇంట్లో ఇంకోటి లేదు."

ఇద్దరూ కలిసి ఐవీని ఎత్తి, తిప్పి, ఆ దుప్పటిలో చుట్టారు. నది వంపు సరిగ్గా గుండె మీదకి వచ్చింది. ఎనభై నాలుగేళ్ల మనిషి ఎంత చిన్నదైపోయిందో, దుప్పటి ఆవిడకి రెండు చుట్లు వచ్చింది. శవపెట్టె మూత బిగించేదాకా డల్సీ కదల్లేదు. నీలం గౌనుని నెరిడా మడత పెట్టబోతే ఆవిడ లాక్కుని, ఉండలా చుట్టి, సంచి అడుగున కుక్కింది.

"ముడతలు పడుతుందత్తా."

"పడనీ."

మర్నాడు పొద్దున వాకిట్లో కార్లన్నీ బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాయి. చుట్టాలు నల్ల టై ముళ్లు సరిచూసుకుంటున్నారు. నెరిడా సింకు దగ్గర చివరి కప్పులు కడుగుతోంది. పక్కన డల్సీ తుడుస్తోంది. పడక గదిలో బీరువా తలుపు తెరిచిన చప్పుడు, హ్యాంగర్లు అటూ ఇటూ జరిపిన చప్పుడు.

"నెరీ," అని పిలిచాడు క్లైవ్. గుమ్మంలోకి వచ్చాడు, బనీనుతో, చేతులు వేలాడేసుకుని. అతని కళ్లు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. అత్తగారు ఐవీ అంటే అతనికీ ఇష్టమే. "మీ అమ్మకి మర్యాదగా ఉంటుందని ఇవాళ వేసుకుందామనుకున్నా. నా దుప్పటి ఏది?"

డల్సీ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆవిడ కొడుకు వైపు చూడలేదు, కోడలి వైపు చూసింది.

నెరిడా కప్పు బోర్లించింది. చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుని, ఆ ఆప్రాన్ ముడి విప్పి, తీసి కుర్చీ వీపు మీద వేసింది.

"నీది తలుపు వెనకాల తగిలించాను క్లైవ్, తెల్లచొక్కా. ఇస్త్రీ చేసే పెట్టాను."