అంగారకుడి గడప మీద ‘వస్త’

గడప దాటుతూ ‘వస్త’ అని చెప్పిన మనిషి చెప్పి వెళ్లినట్టా, చెప్పకుండా వెళ్లినట్టా? ఈ ప్రశ్నను నేను ఒక సంస్థ డైరెక్టరును ముఖాముఖి అడిగాను, తర్వాత ఉత్తరంలోనూ అడిగాను. జవాబు రాలేదు. ఆ జవాబు మీద ఒక అమ్మాయి లదాఖ్ ప్రయాణం ఆధారపడి ఉంది కనుక జరిగినది జరిగినట్టు చెబుతాను.

చిట్యాల దాటి లోపలికి వెళితే ఏ పంటకూ ఒప్పుకోని రాతి నేల ఒకటి ఉంది. ఒక ప్రైవేటు అంతరిక్ష శిక్షణ సంస్థ దానిని కౌలుకు తీసుకుని, మధ్యలో తెల్లని గోళం వంటి గది నిలబెట్టి, ఆ ప్రాంతానికి అంగారక గ్రహమని పేరు పెట్టింది. మనుషులు నిజంగా అక్కడికి వెళ్లే రోజు వచ్చేలోగా, మూసిన గదిలో, కొలిచిన నీటితో ఎలా బతకగలరో భూమి మీదే పరీక్షించి చూడటం వారి ఉద్దేశం. ఉద్దేశంలో తప్పేమీ లేదు. స్వచ్ఛందంగా పనిచేసే సిబ్బంది కావాలని ప్రకటించారు. వయసు పరిమితి రాయడం మరిచిపోయారు. నల్లగొండలో ఆడపిల్లలకు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నేను దరఖాస్తు చేశాను. నీళ్లు పొదుపుగా వాడగలరా అని ఇంటర్వ్యూలో అడిగారు. ఫ్లోరైడు లేని బిందెడు నీళ్ల కోసం వరుసలో నిలబడి పెరిగిన జిల్లా మనిషినని చెప్పాను. ఆరోగ్య అధికారిగా తీసుకున్నారు.

నాతోపాటు ఎంపికైనవారిలో పానగల్ అమ్మాయి కోమల ఉంది. భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివింది. “మా తాత వేరేటోళ్ల చెలకల రాళ్లేరిండు మేడమ్. నేను రాళ్లేరుడు చదువుకున్న,” అని మొదటి రోజే పరిచయం చేసుకుంది. ఇక్కడ నియమం తప్పకుండా గడిపినవారిని సంస్థ లదాఖ్‌లో జరిపే పెద్ద శిబిరానికి పంపుతుంది. కోమలకు కావలసింది అదొక్కటే. రాత్రి కలలో కూడా అక్కడి రాళ్ల పేర్లే చెప్పేది.

నియమాలు స్పష్టంగా ఉండేవి. బయట గాలి లేదు. హెల్మెట్ తీసినవారు మరణించినట్టు లెక్క. బయట మనుషులు కూడా లేరు. గోళంలోంచి వెళ్లేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు హైదరాబాదులోని నియంత్రణ గదికి రేడియోలో చెప్పాలి. అక్కడ రిత్విక్ అనే ఉద్యోగి విని, మీట నొక్కి, తలుపు తెరవడమో మూయడమో చేస్తాడు.

బయట మనుషులు లేరన్న సంగతి సాయిలుకు ఎవరూ చెప్పలేదు. ఆయన రోజూ మేకలను అంగారకుడి మీదుగా తోలుకుపోయేవాడు. ఒకసారి మా కిటికీకి ముఖం ఆనించి, “ఏందమ్మా, గిది జైలా, దవాఖానా?” అని అడిగాడు. లేని మనిషికి జవాబు చెప్పకూడదు కనుక మేము చెప్పలేదు. “చెవులు గూడ పోయినట్టున్నయి, పాపం,” అని మేకలకు చెప్పి వెళ్లిపోయాడు. ఆ సంఘటనను గాలి శబ్దంగా నివేదించాం. గాలి కూడా లేదని తర్వాత గుర్తుకొచ్చింది.

ఎండలు ముదిరిన రోజులవి. ఆ ఉదయం కోమల రాతి నమూనాలు తేవడానికి అంతరిక్ష దుస్తులు తొడుక్కుని, హెల్మెట్ బిగించుకుని, గడపలో నిలబడి రేడియోలో “వస్త మరి” అంది. ఆమె వెళుతున్నదని నాకు అర్థమైంది. మా ప్రాంతంలో ఇంట్లోంచి బయలుదేరేవాళ్లు ‘పోతున్న’ అనరు. తిరిగి రానివారి గురించి మిగిలినవాళ్లు అనే మాట అది.

అప్పుడే విధుల్లోకి వచ్చిన రిత్విక్‌కు వేరేగా అర్థమైంది. కోమల బయటి నుంచి లోపలికి వస్తోందనుకున్నాడు. ఆమె లోపల ఉన్నట్టు నమోదు చేసి, ఆమె వెనుక తలుపు బిగించాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి తలుపు తెరుచుకోలేదు. దుస్తుల లోపల గాలి తిప్పే ఫ్యాను అప్పటికే ఆగిపోయింది. రేడియో మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

“కంట్రోల్, నేను కోమలను. తలుపు తెరువుండ్రి.”

“కోమల లోపలున్నది కదా,” అన్నాడు రిత్విక్.

“నేనే కోమలను. బయటున్న.”

“వస్త అన్నరు కదా?”

“అన్న. అని పోయిన.”

“పోయేటప్పుడు పోతున్న అనాలె కదా?”

“గడపల నిలవడి గట్లెట్లంటరన్నా?”

అతను కీబోర్డు మీద ఏదో వెతుకుతున్న టకటక వినిపించింది. తర్వాత అతను, “మీరు బయటున్నట్టు సిస్టమ్‌ల లేదు. మార్చాలంటె డైరెక్టర్ సార్ పర్మిషన్ కావాలె. సార్ మీటింగ్‌ల ఉన్నరు,” అన్నాడు.

లోపలి నుంచి తలుపు తెరిచే అత్యవసర పిడి ఉంది. నేను దాని సీలు తెంచి లాగాను. పిడి కదలలేదు. నేను లాగుతుండగా కిటికీలో సాయిలు కనిపించాడు. కోమల బండకు ఆనుకుని కూలబడి ఉంది.

“ఆ బుర్ర తీయి బిడ్డా. ఉడికిపోతవు.”

“వద్దు తాతా. ఈడ గాలి లేదు.”

సాయిలు చుట్టూ చూశాడు. మేకల వైపు చూశాడు. “నాకున్నది కదనే,” అన్నాడు.

కోమల హెల్మెట్ తీసి, ఆయన సీసాలోని నీళ్లు తాగింది. నియమం ప్రకారం ఆ క్షణంలోనే మరణించింది. పిడి కదిలి తలుపు తెరుచుకున్నాక నేను మృతురాలి రక్తపోటు చూశాను. తక్కువగా ఉంది. మృతులకు ఉండవలసినదానికంటే మాత్రం ఎక్కువే.

చిట్యాలలోని సంస్థ ఆఫీసులో విచారణ జరిగింది. హైదరాబాదు నుంచి రిత్విక్‌ను కూడా పిలిపించారు. డైరెక్టర్ ప్రేమ్‌సాగర్‌ది భువనగిరి. కోమల చెప్పకుండా బయటికి వెళ్లిందని, హెల్మెట్ తీసిందని, కనుక లదాఖ్‌కు పనికిరాదని ఆయన ప్రకటించాడు. తలుపు మూయకపోతే హెల్మెట్ తీసే అవసరమే లేదు. కనుక మొదటి ఆరోపణే అసలు ఆరోపణ. నేను దానినే పట్టుకున్నాను.

“రిత్విక్, పొద్దున ఇంట్లకెల్లి బయల్దేరేటప్పుడు మీ అమ్మకేమని చెప్తవు?”

“బై అంట ఆంటీ.”

“మీ నానమ్మకు?”

“ఆమెకు గూడ బై అనే అంట. ఆమె మాత్రం ‘వస్తనను, వస్తనను’ అని ఎనకనే వస్తది. ఎందుకో తెల్వదు.”

నేను డైరెక్టర్ వైపు తిరిగి, ఈ కథ మొదట్లో మీరు చదివిన ప్రశ్న అడిగాను.

“అంగారకుడి మీద ఆచారాలుండవు మేడమ్,” అన్నాడాయన. “మాటకు ఒక్కటే అర్థముండాలె.”

“మంచిది. నా ప్రశ్నకు జవాబు?”

“ఆలోచించి చెప్త. భువనగిరిల జర పనున్నది.” ఆయన లేచి, సంచి భుజానికి తగిలించుకుని, గడప దగ్గర వెనుదిరిగి, మర్యాదగా చేతులు జోడించాడు. “వస్త మేడమ్,” అన్నాడు.

నేను కుర్చీలోంచి లేవలేదు. కోమల కూడా వచ్చి పక్కన కూర్చుంది. కొంతసేపటికి వాచ్‌మన్ ఎల్లస్వామి తాళంకప్పతో వచ్చాడు.

“సారు పోయిండు కదమ్మా. మీరు లేస్తే తాళమేస్త.”

“పోలేదు. వస్తనన్నరు.”

“అయ్యో, పోయెటోళ్లు గట్లనే అంటరు కదమ్మా.”

“ఈ మాట మీ సారుకు చెప్పు ఎల్లస్వామీ.”

“నేను చెప్పుడేంది? ఆయనకు తెల్వదా?”

కోమల నేల వైపు చూస్తూ, “లదాఖ్‌ల గుడారాలకు గడప ఉండదంట మేడమ్,” అంది. “ఆడైతే నాకీ తిప్పలుండవు.”

డైరెక్టర్ ఇంకా రాలేదు. లదాఖ్ జట్టు ఇంకా బయలుదేరలేదు. అందులో భూగర్భశాస్త్ర నిపుణుల స్థానం ఖాళీగానే ఉంది. కనుక రేపు ఉదయం మీరు ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు గడపలో ఆగి, లోపల ఉన్న పెద్దవారి ముఖం చూస్తూ ‘పోతున్న’ అనండి. అనగలిగితే కోమలకు పడిన శిక్ష న్యాయమేనని నేను ఒప్పుకుంటాను. నోరు రాకపోతే సాకులు వెతకవద్దు. ఆ అమ్మాయి చెప్పే వెళ్లిందని, సాయంత్రం ఇంటికి తిరిగి రాగానే, మీ పేరుతో డైరెక్టర్‌కు రాయండి.