బుక్కోడి జీతం

హలో, వినబడుతోందా? నేను వీరేశాన్ని, హాలియా నుంచి. గోనెసంచుల దుకాణం వీరేశం. చేతిలో పని ఉంటే జర పక్కన పెట్టి ఈ వాయిస్ మెసేజ్ ఐదు నిమిషాలు వినండి. మా పిల్లి సంగతి చెప్పాలి.

పోతుపిల్లి. ఏ బుక్క దొరికినా వదలడు కాబట్టి మా ఆవిడ స్వర్ణ వాడికి బుక్కోడు అని పేరు పెట్టింది. సంచులు కొరికే ఎలుకను పట్టి, తెచ్చి నా చెప్పుల మీద పెట్టి కూర్చుంటాడు. నేను రేకు డబ్బా మూత తీసి ఒక ఎండుచేప ఇవ్వాలి. అది వాడి జీతం. ఇచ్చేదాకా లేవడు. నాలుగేళ్లుగా ఇదే పద్ధతి.

పోయిన నెల వాడికి ఉచ్చ బందయింది. ఇసుక తట్టలో కూర్చుని ముక్కుతాడు, చుక్క రాదు. పశువుల డాక్టర్ అతియా సన్నటి గొట్టం పెట్టి తీసింది. లోపల ఇసుకలాంటి రాళ్లట.

"అంకుల్, మళ్ల గిట్లయితే పానం మీదికొస్తది. నేను రాసిచ్చిన తడి తిండే పెట్టున్రి. ఎండుచేపలు బంద్" అంది.

తిండి సరే. మరి జీతం? మర్నాడే నా చెప్పు మీద ఎలుక ఉంది. వాడు ఒకసారి డబ్బాను, ఒకసారి నన్ను చూస్తున్నాడు. తడి తిండి ఒక చెంచా పెడితే మొహం తిప్పుకున్నాడు. రోజూ తినేది జీతం కింద చెల్లదని వాడి లెక్క.

అప్పుడే సంచులకని గొర్ల కిష్టయ్య వచ్చాడు.

"గింత ఫికరెందుకన్నా? నేను గొర్లకు ఉప్పు నాకిస్త. ఉప్పు నాకినయంటే కుండలకు కుండలు నీళ్లు తాగుతయి. నీళ్లు తాగితె ఉచ్చ రాదా?"

"పిల్లి గూడ గంతేనా?"

"దానికీ నాలికున్నది గదా. ఇంకేం గావాలె?"

నాకు నిజమే అనిపించింది. ఎండుచేపలో ఉన్నదీ ఉప్పే కదా. చూద్దామని నీళ్ల గిన్నెలో సుద్దముక్కతో గీత గీసి, రెండు రోజులు ఒక్కో చేప ఇచ్చాను. నీళ్లు గీత నుంచి పెద్దగా దిగలేదు. మూడో రోజు పొద్దున బుక్కోడు తట్టలోకి నాలుగుసార్లు వెళ్లొచ్చాడు.

స్వర్ణ తట్ట చూసింది, డబ్బా మూత తీసి చూసింది.

"ఏమయ్యా, డాక్టరమ్మ చెప్పింది పిల్లికేనా, నీకు గాదా?"

"కిష్టయ్య జెప్పిండు..."

"అయితే గా గొట్టం గూడ కిష్టయ్యనే పెట్టమను."

వాడిని సంచిలో వేసుకుని దవాఖానకు పరుగెత్తాం. పూర్తిగా మూసుకుపోకముందే తెచ్చాం కాబట్టి ఈసారి మందుతో సరిపోయింది. గీత సంగతి కూడా ఒప్పుకున్నాను. అతియా నవ్వలేదు.

"గీత పెట్టి సూసుడు మంచిదే అంకుల్. పిల్లి దూపైనా తొందరగ నీళ్లు తాగదు. నీళ్లు తిండిలనే పోవాలె. ఎండుచేపల ఉప్పొక్కటే గాదు, రాళ్లు కట్టే సరుకు గూడ ఉంటది."

"మరేం పెట్టాలె బిడ్డా? వాడు జీతం అడుగుతుండు."

ఆమె చీటీ మీద రాస్తూ చెప్పింది. "వీనికైతే ఉడికిన కోడిముక్క, గోరంత. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఏదీ తగలొద్దు. ఆ ముక్క ఉడికించిన నీళ్లే రెండు చెంచాలు కలుపున్రి. రోజుకు రెండుసార్లు దాటొద్దు. ఇంకో పిల్లికి గిదే నడుస్తదని మాత్రం చెప్పకున్రి."

కోడిముక్క పళ్లెంలో పెట్టాను. ముట్టలేదు. మర్నాడూ అంతే. ఎలుకలు తేవడం కూడా మానేశాడు. బయట చేపల బండి దగ్గర తింటే ఎవరు చూడాలి? నాకు అదే భయం.

ఈలోగా స్వర్ణ చేపలు పారేసి, డబ్బా కడిగి, అందులో సంచులు కుట్టే దబ్బనాలు వేసింది. మూడో రోజు దబ్బనం కోసం మూత తీశాను. టక్కుమంది. సంచుల వెనక నుంచి బుక్కోడు తోక లేపుకుని పరుగెత్తుకొచ్చాడు. డబ్బాలో చేప లేదు, చేప వాసనా లేదు. అయినా వచ్చి నా చెప్పుల దగ్గర కూర్చున్నాడు.

నేను డబ్బాను చూశాను, వాడిని చూశాను. దబ్బనాలు తీసి, ఆ మూతలోనే కోడిముక్క పెట్టి, ఉడికిన నీళ్లు పోశాను. గుటుక్కున మింగి మూత కూడా నాకాడు.

"మూతకే జీతగాడన్నట్టు" అంది స్వర్ణ.

ఇప్పుడు పొద్దున్నే లేచి తట్టలో తడి ముద్ద ఎంతుందో చూడటం నా మొదటి పని. ఇవాళ నిమ్మకాయంత ఉంది.

మీకు తెలిసినవాళ్ల పోతుపిల్లి తట్టలో కూర్చుని ఊరికే ముక్కుతుంటే, సాయంత్రం దాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకుపొమ్మనండి. ఏం పెట్టాలో కిష్టయ్యనూ, నన్నూ కాదు, డాక్టర్‌నే అడగమనండి. పిల్లి ఉన్న ప్రతి ఇంటికీ ఈ ముచ్చట పంపండి.