మొదటి పీపా ఎదుటి గోడ

సగమైనా ఉండాలి కదా విస్కీ, ఇన్ని వేసవులు ఈ రేకుల కప్పు కింద ఉడికినా, ఆవిరయ్యేది పోగా సగమైనా మిగలాలి, పక్క పీపాల్లో అలాగే మిగిలింది, అన్నీ ఒకే వారంలో నింపినవే, అదే బార్లీ, అదే రాగి బట్టీ, ఈ మొదటి పీపాలో మాత్రం పుల్ల దించితే అడుగున నాలుగు వేళ్ల తడి, అది చూసి రాజమోహన్ సార్ అరవలేదు, అరిచినా బాగుండేది, మెల్లగా అడిగాడు, గోపికా, గోడౌన్ తాళాలు ఎవురెవురి దగ్గరుండాయి, నా దగ్గర, వాచ్‌మన్ సుందరయ్య దగ్గర సార్, నువ్వు తాగవు గదా, తాగను సార్, ఇంకేముండాది మరి, లక్క వేసిన బిరడా వేసినట్టే ఉందన్నాను, లక్క కరిగించి మళ్లా పొయ్యలేడా అన్నాడు, ఆత్మకూరు పోయి ఎస్సైని పిలుచుకొస్తా, గోడౌన్ ఇన్‌చార్జివి నువ్వు, వాడి మీద నువ్వే చెప్పాల, అని జీపెక్కాడు.

నేను చెప్తే సుందరయ్య స్టేషన్‌కి పోతాడు, అంతే, ఎంత సులువు, తలుపు సందులోంచి కనిపిస్తున్నాడు, స్టూలు మీద, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఎక్కడికీ పోడు, ఒకప్పుడు తాగి చెరువు గట్టున వలలోనే పడుకునేవాడట, మానేసి ఎన్నేళ్లయినా ఊరికి తాగిన ఏళ్లే గుర్తు, చేరిన రోజు భార్య వెంగమ్మ క్యారియర్ తెచ్చి నన్ను అడిగింది, ఏం మేడం, మానేసినాడని తెలిసి ఈడ పెట్టినారా, తెలవక పెట్టినారా, అతను నవ్వాడు, దీని వాసనకే నాకు తలనొప్పి లేమ్మే అన్నాడు, ఆ మాట ఇప్పుడు ఎస్సైకి చెప్తే ఎస్సై కూడా నవ్వుతాడు.

వాసన మాత్రం ఎంత బాగుందో, నానిన కిస్మిస్, తాటిబెల్లం, ఎండలో పెట్టిన కొత్త చెక్క, మిగతా పీపాల్లోంచి ఏటేటా చెంచాడు తీసి చూస్తాం, దీన్ని మాత్రం ముట్టుకోకూడదు, నింపిన రోజు సార్ కొబ్బరికాయ కొట్టి వాళ్లమ్మ పేరు పెట్టాడు, సీసాల్లోకి దించేదాకా ఎవరూ తెరవకూడదన్నాడు, లారీలో వచ్చేటప్పుడు దీని ముందు బిళ్ల, పీపా మూతిని మూసే గుండ్రటి చెక్క, పగిలితే ఓక్ చెక్క తెప్పించలేదు, మా ఉదయగిరిలో లేని పనితనమా అని అక్కడి కొయ్య చెంచాలు చెక్కేవాళ్ల చేత కొత్త బిళ్ల చేయించాడు, నిండా తీగలు, ఆకులు, నడుమ సుబ్బరత్నమ్మ అని పేరు, ఎవరొచ్చినా ముందు దీనికీ ఎదుటి గోడకీ నడుమ నిలబడి ఫొటో, పోయిన నెల వచ్చినవాళ్లు ఫొటోలో గోడ నల్లగా పడిందన్నారని సార్ సుందరయ్య మీద ఇంతెత్తున లేచాడు, గోడ కూడా తుడవలేవా నువ్వు, మోకాళ్లు వంగడంలేదు సార్, అన్నాడతను.

గోడ, అవును, అంతకుముందు ఎన్నిసార్లు తుడిచాడు, అమ్మా, ఈడ పొయ్యి లేదు, దీపం లేదు, మసి యాడనుంచి వస్తాండాదమ్మా, చెమ్మ సుందరయ్యా అన్నాను, చెమ్మైతే గోడౌనంతా పట్టాలి కదా, ఈ పీపా ఎదుట మాత్రమే ఎందుకు, ముందు బిళ్ల ఎంత గుండ్రమో అంత గుండ్రంగా, నేను పని నేర్చుకున్న పాత డిస్టిలరీలో ప్రహరీ, చింతచెట్టు మాను కూడా ఇలాగే నల్లగా ఉండేవి, అక్కడి పెద్దాయన వేలితో గీసి చూపించాడు, మసి కాదమ్మాయ్, బూజు, మన సరుకు ఆవిరి తిని బతుకుతుంది, పక్క పీపా మీద చెయ్యి వేశాను, ఓక్ చెక్క, గోరువెచ్చగా ఉంది, దీని మీద వేశాను, కింది ఆకుల దగ్గర, అక్కడ ఈనెలు ఎంత లోతుగా చెక్కారంటే చెక్క గోరంత పలచన, చల్లగా ఉంది, నీళ్లు పోసిన కొత్త కుండలా చల్లగా, మెత్తటి చెంచా చెక్క, ఇన్నేళ్లూ ఆ ఆకుల్లోంచే ఆవిరై పోయింది.

వెనక బకెట్ చప్పుడు, సుందరయ్య, తడిగుడ్డ పిండుతూ కుంటుకుంటూ వస్తున్నాడు, ఎస్సై గారొస్తా ఉండారంట గదమ్మా, గోడ అసయ్యంగా ఉండాది, సార్ మళ్లా తిడతాడు, గుడ్డ గోడకి తగలబోయింది, తుడవబాకు సుందరయ్యా, చెయ్యి పట్టుకున్నాను, ఎందుకమ్మా, నెల దినాల నుంచి అట్నే ఉండాది, అందుకే, అన్నాను, అర్థం కాక నన్ను చూశాడు, గోడని చూశాడు, ఇన్నేళ్లూ వారంవారం తన సాక్ష్యాన్ని తానే తుడిచేసుకున్నాడని ఈ మనిషికి తెలియదు, మోకాళ్లు మొండికేశాయి గనక మిగిలింది, కూర్చో, ఇక్కడే, లోపలే కూర్చో, స్టూలు తెచ్చి గోడ పక్కన వేశాను, బయట జీపు ఆగింది, సార్‌కి ఏం చెప్పాలి, ఎలా మొదలుపెట్టాలి అని ఇంతసేపూ మాటలు కూర్చుకుంటున్నాను, మాటలే అక్కర్లేదు, ఆయన చెయ్యి పట్టుకుని వాళ్లమ్మ పేరు కింద, ఆ చల్లటి ఆకుల మీద పెట్టిస్తే చాలు.