తేట నీళ్ళు

"నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు మా ఆయన, ఇంకా చేపలు వెయ్యని కొత్త చేపల తొట్టి ముందు వంగి, నీళ్ళకంటే ఎక్కువగా ఆ గాజులో తన క్రాఫు చూసుకుంటూ.

నేను చిటికెన వేలంత గాజు గొట్టం పట్టుకుని కిటికీ వెలుతురులో నిలబడి ఉన్నాను. ఆ గొట్టంలో కొద్దిగా తొట్టి నీళ్ళు పోసి, రెండు సీసాల్లోంచి లెక్కగా చుక్కలు వేసి, బాగా కుదిపి, ఐదు నిమిషాలు ఆగాలి. పసుపు రంగులోనే ఉండిపోతే నీళ్ళలో అమ్మోనియా లేనట్టు. ఆకుపచ్చకి తిరిగితే ఉన్నట్టు. ఎంత పచ్చబడితే అంత విషం. ఆ ఉదయం నా గొట్టం లేత చిగురు రంగు దాటి ముదురాకు రంగుకి వచ్చేసింది.

"బాగా పచ్చగా ఉందండీ."

"పచ్చగా ఉంటే మంచిదేగా! పచ్చగా ఉండమనేగా అందరూ దీవించేది!" అని తన జోకుకి తనే నవ్వుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

తొట్టి తెచ్చింది చేపల మీద ప్రేమతో కాదు. మరిదికి ఒక సంబంధం కుదిరేలా ఉంది. వచ్చే నెల్లో ఒక ఆదివారం అమ్మాయి, వాళ్ళమ్మ ఇల్లు చూడటానికి వస్తామన్నారు. పెళ్ళయ్యాక ఆ అమ్మాయి ఉండబోయేది ఈ ఇంట్లోనే, నడవా చివరి గదిలో. హాల్లో ఏదో వెలితిగా ఉందని ఇంట్లో అందరికీ ఒక్కసారే అనిపించింది. తన ఆఫీసరు గారింట్లో చూశానంటూ మా ఆయన మంచమంత తొట్టి తెచ్చి గోడవారగా పెట్టించాడు. అడుగున మొక్కల కోసం నల్లమట్టి, దాంట్లో సన్నాకులవీ వెడల్పాకులవీ మొక్కలు, మీద తెల్లటి దీపం. మొదటి రోజు అందరూ దాని ముందు ఫొటోలు దిగారు. రెండో రోజు నుంచి అది నాది. ఎవరూ అప్పగించలేదు. మా ఇంట్లో పనులు అప్పగించరు, హాల్లో వదిలేస్తారు, నేను అటుగా వెళ్ళినప్పుడు అవి నా కాలికి తగులుతాయి.

"వదినకి ఈ గొట్టాలూ చుక్కలూ అలవాటేగా," అన్నాడు మరిది.

"పిల్లా జెల్లా లేరు, నీకు మాత్రం ఇంకేం పనుందే," అంది మా అత్తగారు. ఆవిడ అది దెప్పిపొడుపుగా అనలేదు. నిజంగానే అలా అనుకుంటుంది. దెప్పిపొడుపైతే కనీసం కోపం తెచ్చుకునేదాన్ని.

నేను ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా రంగులు చూడటమే నా ఉద్యోగం. ఏ గొట్టం ఎంత తిరిగిందో నేను రాసిన కాగితం చూసి డాక్టర్లు మందు మార్చేస్తారు. నా సంతకం పైన మా ఇంచార్జి సంతకం కూడా ఉండాలి లెండి. ఆయన గొట్టం వంక చూడకుండానే పెడతాడు, పెట్టి, "ఆడవాళ్ళకి ఓపికెక్కువ, ఇలాంటి పని మీకే కరెక్టు" అని మెచ్చుకుంటాడు. అయినా సరే, అక్కడ రంగు విషయంలో నాదే చివరి మాట. ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే నా కళ్ళకి చూపు పోతుంది కాబోలు, నేను పచ్చ అంటే ఎవరికీ పచ్చ కనపడదు. ఈ సంగతి చెబితే నా పక్క బల్ల ఆవిడ నవ్వదు. ఆవిడ ఒంటరిగా ఉంటుంది. "నా రెండో గది ఖాళీగానే ఉంది, ఎప్పుడైనా సరే" అని నెలకొకసారైనా అంటుంది. నేనే నవ్వేసి ఊరుకునేదాన్ని.

చేపల కొట్టు నడిపేది ఒక పెద్దావిడ. ముక్కు చివర కళ్ళజోడు, ఎప్పుడూ మోచేతుల దాకా తడి. నేను రాసుకెళ్ళిన అంకెలు చూసి బోర్లించిన బకెట్ మీద కూర్చోబెట్టి చెప్పింది.

"మట్టి కొత్తది కదమ్మా, అది వదులుతుంది అమ్మోనియా. మొక్కలూ నీళ్ళు మారినందుకు కొన్ని ఆకులు కుళ్ళబెట్టుకుంటాయి, దాంతో ఇంకాస్త. ఆ విషాన్ని తినే పురుగులుంటాయి, కంటికి ఆనవు. అవి ఫిల్టర్‌లో స్పాంజికి పట్టి పెరగాలి. నెలైనా పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అప్పటిదాకా తొట్టి సర్దుకోవాలి. చేప జోలికి పోకు."

"ఏం సర్దుకోవాలి?" అన్నాను, సరిగ్గా వినపడనట్టు.

"తొట్టమ్మా. నీళ్ళు. నీళ్ళు ముందు సర్దుకోవాలి, తర్వాతే చేప. ఎవరైనా తొందరపడి వేసేస్తే మాత్రం చచ్చేదాకా చూస్తూ కూర్చోకు, నా దగ్గరికి పట్టుకొచ్చెయ్. పాత తొట్టి ఉంది."

సర్దుకోవడం అనే మాట నాకు బాగా తెలుసు. తొమ్మిదేళ్ళ క్రితం పెట్టెతో ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి నాకు తోడుగా ఉన్న మాట అదే. మొదటి జీతం తెచ్చి ఎవరి చేతిలో పెట్టాలో తెలియక నిలబడ్డప్పుడు, జ్వరంతో పడుకుంటే గుమ్మంలోంచి "వంట సంగతేంటి మరి" అని వినపడినప్పుడు, పోస్టు చెయ్యమని మా ఆయనకిచ్చిన పై చదువు దరఖాస్తు కాగితాలు అల్మారాలో పాత పేపర్ల కింద దొరికినప్పుడు మా అమ్మ ఫోన్‌లో అదే మాట అంది. కొత్తలో అలాగే ఉంటుందమ్మా, నువ్వే సర్దుకోవాలి. మా ఆయనా అదే అన్నాడు. అక్కలూ అదే అన్నారు. అన్నేళ్ళలో ఒక్కరికైనా, మాట వరసకైనా, ముందు సర్దుకోవాల్సింది నీళ్ళేనని తోచలేదు. ఆ రోజు కొట్టులోంచి ఇంటికి నడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. చేపల కొట్టులో ఏడుపేంటి నీ మొహం అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇక రోజూ అదే పని. ల్యాబ్ నుంచి రాగానే రబ్బరు పైపు పెట్టి తొట్టిలో సగం నీళ్ళు బకెట్లలోకి తోడటం, నడవా గుండా స్నానాలగదికి మోయటం, కుళాయి నీళ్ళలో క్లోరిన్ పోయే మందు కలిపి మళ్ళీ మోసుకొచ్చి, మట్టి లేవకుండా పళ్ళెం మీంచి నెమ్మదిగా పోయటం. కుళ్ళిన ఆకుల్ని ఒక్కొక్కటే ఏరటం. నేను బకెట్‌తో వెళుతుంటే మా ఆయన టీవీ ముందు నుంచి కాళ్ళు మాత్రం పైకి ఎత్తేవాడు, నాకు దారి ఇవ్వటానికి. అంతవరకూ సాయమే.

పన్నెండో రోజున కొట్టావిడ తన పాత తొట్టి ఫిల్టర్‌లోంచి ఒక స్పాంజి ముక్క తీసి కవర్‌లో వేసి ఇచ్చింది. గోధుమరంగు జిడ్డు పట్టి, చెరువు వాసనేస్తూ. "ఇది మురికనుకునేవు, ఇదే ప్రాణం," అంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చి మా ఫిల్టర్‌లో అమర్చాను. తర్వాత గొట్టం రంగు రోజురోజుకీ తేలికపడింది. ముదురాకు నుంచి చిగురుకి, చిగురు నుంచి నిమ్మపండుకి. ఇరవై ఆరో రోజు పొద్దున చూస్తే దాదాపు పసుపు. కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూసుకున్నాను. నా చేతుల్తో ఒక చోటు బతకటానికి వీలుగా మారుతోంది. ఎంత సంతోషం వేసిందంటే, ఎవరికైనా చెప్పాలనిపించింది, ఎవరూ కనపడక మొక్కలకే చెప్పాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి హాలంతా బ్లీచింగ్ వాసన.

"వచ్చావా? ఇటు రా, చూడు," అని మా అత్తగారు చెయ్యిపట్టి తీసుకెళ్ళింది. ఫిల్టర్‌లోని స్పాంజి, పాల నురుగంత తెల్లగా. "అమ్మో, ఎంత పాచి పట్టిందో! ముప్పావు గంట తోమాను. నువ్వేమో పొద్దస్తమానం నీళ్ళు మోస్తావు, అసలు మురికంతా దీంట్లోనే ఉంది. ఇప్పుడు కొత్తదానిలా లేదూ?"

ఆవిడ వేళ్ళు బ్లీచింగ్‌కి పగిలి ఉన్నాయి. నా మీద జాలితోనే తోమింది. జీవితమంతా గిన్నెలూ గచ్చూ మరకలూ తోమిన మనిషి, ఈ ఇంట్లో మంచి కోడలని ఆవిడకి పేరొచ్చిందే తోమటం వల్ల. మురికిలో కూడా ప్రాణం ఉంటుందని ఆవిడకి ఎవరు చెప్పారు? నాకు మాత్రం మొన్నటిదాకా ఎవరు చెప్పారు? "బాగుంది అత్తయ్యా," అన్నాను. ఇలాంటివి తొమ్మిదేళ్ళలో ఎన్ని అన్నానో. రెండు రోజుల్లో గొట్టం మళ్ళీ ముదురాకు రంగుకి పోయింది.

శనివారం సాయంత్రం మా ఆయన ఇంకో కొట్టు నుంచి పన్నెండు చేపలు తెచ్చాడు. అగ్గిపుల్లంతేసి, ఒంటి మీద నీలం గీతతో.

"వద్దండీ. చచ్చిపోతాయి. నీళ్ళు ఇంకా సర్దుకోలేదు."

"రేపు వాళ్ళొస్తుంటే ఉత్త నీళ్ళు చూపించమంటావా? వేస్తే వాటంతటవే సర్దుకుంటాయి."

"ఒక్కసారి ఈ రంగు చూడండి."

"ఇంట్లో కూడా ల్యాబేనా!" అన్నాడు. మరిది నవ్వాడు. కవర్ తొట్టిలో గుమ్మరించేశారు. నేను మళ్ళీ బకెట్లు మోశాను. అంతకంటే నా చేతిలో ఏముంది?

ఆదివారం పొద్దునకి ఐదు పోయాయి. మొక్కల మధ్య ఇరుక్కుని, నీలం గీతలు వెలిసిపోయి. ఒక్కొక్కదాన్నీ వలతో తీసి కాగితంలో చుట్టాను.

"వాళ్ళ కంట పడకుండా పారెయ్," అంది అత్తగారు వెనక నుంచి. గొంతు తగ్గించి, "ఇంకోమాట. ఆ పిల్ల నిన్నేమైనా అడిగితే ఇల్లు బాగుంటుందని చెప్పు. మేమెన్ని చెప్పినా ఒకటే, నీ నోట వస్తే నమ్ముతుంది," అంది.

తొమ్మిదేళ్ళకి మొదటిసారి ఈ ఇంట్లో నా మాటకి విలువొచ్చింది, అది కూడా అబద్ధం చెప్పటానికి.

వాళ్ళు పదకొండింటికి వచ్చారు. అమ్మాయిది పొట్టి జుట్టు, చురుకైన కళ్ళు. ఏదో బడిలో లెక్కల టీచరట. కూర్చోకుండా నేరుగా తొట్టి దగ్గరికి వెళ్ళింది. మిగిలిన ఏడు చేపలూ పైకి చేరి, నీటి అంచున నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

"అబ్బ, ఎంత హుషారుగా ఉన్నాయో!" అంది వాళ్ళమ్మ.

"మిమ్మల్ని పలకరిస్తున్నాయండీ," అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఊపిరందక కొట్టుకుంటున్నాయని తెలిసిన మనిషిని ఆ గదిలో నేనొక్కదాన్నే, అయినా నవ్వాను. ఈ ఇంటికి వచ్చినవాళ్ళందర్నీ నేను కూడా ఇన్నేళ్ళుగా ఇలాగే పలకరిస్తున్నాను కదా అని అప్పుడు తోచింది. ఆ నవ్వుకి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"ఇల్లు పచ్చగా ఉంది వదినగారూ," అంది వాళ్ళమ్మ మా అత్తగారితో, తృప్తిగా సోఫాలో సర్దుకుని కూర్చుంటూ.

నేను టీ పెట్టటానికి వంటగదిలోకి వెళ్ళాను. వెనకే అమ్మాయి వచ్చింది. కాసేపు కప్పులు తుడిచింది. తర్వాత చేతిలో గుడ్డ పక్కన పెట్టి, "అక్కా, ఒకటి అడగనా? ఇక్కడ బాగుంటుందా?" అంది.

బాగుంటుంది అన్న మాట నాలుక మీదికి వచ్చేసింది, అలవాటు కొద్దీ. మింగేశాను. పొయ్యి ఆపాను. గట్టు మీదున్న గొట్టంలో, పొద్దున బకెట్లో మిగిలిన తొట్టి నీళ్ళు పోసి, చుక్కలు వేసి, కుదిపి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.

"ఐదు నిమిషాలు చూడు."

హాల్లోంచి మా ఆయన గొంతు. "టీ ఏమైంది?"

ఇద్దరం గొట్టాన్నే చూస్తున్నాం. పసుపు మెల్లగా వెనక్కి తగ్గింది, పచ్చ పైకొచ్చింది.

"పచ్చగా అయ్యింది. మంచిదేనా?"

"కాదు. ఇది విషం. తొట్టిలో నీళ్ళు చూశావుగా, ఎంత తేటగా ఉన్నాయో." పొద్దున పారెయ్యకుండా గట్టు కింద ఉంచిన కాగితం పొట్లం విప్పి, చచ్చిన ఐదింటినీ చూపించాను. "వేశాక సర్దుకుంటాయన్నారు. నీళ్ళు సర్దుకున్నాకే చెయ్యాల్సిన పని ఇది. నువ్వింకా బయటే ఉన్నావు కాబట్టి చెప్తున్నాను."

ఆ అమ్మాయి పొట్లం వంక చూసింది, గొట్టం వంక చూసింది. లెక్కల టీచరు కదా, ఎక్కువసేపు పట్టలేదు. తలెత్తి నా కళ్ళలోకి చూసి, "మరి మీరక్కా?" అంది.

నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. ఎవరైనా అడిగితే చెప్పటానికి ఎన్నో దాచుకున్నాననుకున్నాను. తీరా అడిగితే ఒక్కటీ గుర్తురాలేదు. గదిలోకి వెళ్ళి ల్యాబ్‌కి తీసుకెళ్ళే సంచీలో నాలుగు బట్టలు కుక్కాను. వల, కవర్ తీసుకుని హాల్లోకి వచ్చి, అందరి ముందూ చేపల్ని పట్టటం మొదలుపెట్టాను. అమ్మాయి వచ్చి కవర్ మూతి పట్టుకుంది. ఒకటి, రెండు, ఏడు.

"ఇప్పుడేంటిది, వాళ్ళ ముందు?" అన్నాడు మా ఆయన పళ్ళు బిగించి.

"కొట్టావిడ దగ్గర వదులుతాను. అక్కడ నీళ్ళు బాగున్నాయి."

అప్పటికి ఆయన కళ్ళు నా భుజానికున్న సంచీ మీద పడ్డాయి. "ఆ సంచీ ఎందుకు? ఎక్కడికి?"

"మా ల్యాబ్ ఆవిడ రెండో గది ఖాళీగా ఉంది."

అత్తగారు సోఫాలోంచి సగం లేచి ఆగిపోయింది. వంటగదిలో పెట్టని టీ, గాజులో తేట నీళ్ళు. పరీక్ష సామాన్ల డబ్బా తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాను. ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తావ్?"

"రోజూ చూస్తుండండి," అన్నాను చెప్పులు వేసుకుంటూ. "పసుపు రంగొచ్చాక చెప్పండి."